పరిగె విడిచిన చేను

ధ్యానభాగములు: లేవీయకాండము 19:9-10, 33-34, రూతు 2వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 18:1-3



కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి పరిగె అనగా ఏమో చెప్పనక్కరలేదు. వరికోతలైన పిమ్మట, పనలెత్తి కుప్ప వేసిన పిమ్మట, దుబ్బుల నడుమ రాలియున్న వెన్నులను ముసలమ్మలును పిల్లలును ఒడిలోనికి ఏరుకొందురు. యంత్రములు కోతకు వచ్చిన ఈ దినములలో పరిగె తగ్గిపోయినను ఆ మాట మనకింకను తెలియును. రూతు చరిత్రను తెలుగు చేసినవారు ఈ మాటనే వాడిరి. అందుచేత మోయాబునుండి వచ్చిన ఆ విధవరాలి కథ పండితులకంటె మన పల్లెల తల్లులకే సులువుగా అర్థమగుచున్నది.

చేను కోయునప్పుడు అంచులు పూర్తిగా కోయవద్దనియు, రాలిన వెన్నులను మరల ఏరుకొనవద్దనియు, వాటిని బీదలకును పరదేశులకును విడువవలెననియు దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. ఇందులో ఆలోచింపదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. "మీ ధాన్యములో కొన్ని కుంచములు కొలిచి పరదేశి యింటికి పంపుడి" అని ఆయన ఏల చెప్పలేదు? ఆ పద్ధతి సులభము గదా! ఇచ్చువానికి శ్రమ తక్కువ, పుచ్చుకొనువారికి ఎండలో వంగు బాధ ఉండదు.

అయితే ఆ రెండు పద్ధతులకును గొప్ప భేదము ఉన్నది. ధాన్యము కొలిచి పంపినయెడల రూతు ప్రతిదినము గుమ్మమున నిలిచి, ఎవరు ఏమి పంపుదురో అని ఎదురుచూడవలసి యుండును. పరిగె ఏరుకొనినప్పుడు ఆమె సాయంకాలమున తన చేతులతో సంపాదించిన యవలను తన కొంగున మూటగట్టుకొని అత్తయొద్దకు వెళ్లెను. మొదటిది ఆమె కడుపు నింపును. రెండవది ఆమె కడుపు నింపి, తల కూడ ఎత్తించును. నిలువ నీడ లేక వచ్చినవారికి మనము చేయు సహాయము ఏ విధముగా ఉండవలెను? ఈ నెల మనము తలపోయవలసిన విషయమిదియే.

ఏ దిక్కునకు?

ఇల్లు వాకిలి విడిచి ప్రాణభయముతో పారిపోవువారిని మన భాషలో కాందిశీకులందుము. ఇది సంస్కృతమునుండి వచ్చిన మాట. "ఏ దిక్కునకు పోదును?" అని అడుగుచు పరుగెత్తువాడని దాని అర్థము. పేరులోనే ప్రశ్న ఉన్నది! అతనికి అన్నము కావలెను, గుడ్డ కావలెను, నిజమే. అయితే వాటికి తోడు ఒక దిక్కు కావలెను. రేపు ఉదయమున లేచి నేనెక్కడికి పోవలెను, నా బిడ్డ ఎక్కడికి పోవలెను అను ప్రశ్నకు జవాబు దొరకువరకు అతడు కాందిశీకుడే. తండ్రి పనికిని, బిడ్డ బడికిని బయలుదేరిన దినమున అతడు మన పొరుగువాడగును.

మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరి గనుక పరదేశిని ప్రేమింపుడని లేవీయకాండము హేతువు చూపుచున్నది. ఆ ఐగుప్తు ఎక్కడనో దూరమున లేదు. మన తెలుగువారికిని ఐగుప్తులు కలవు.

1832-33 నందన నామ సంవత్సరపు కరువులో గుంటూరు సీమనుండి ప్రజలు అన్నము వెదకుకొనుచు మద్రాసు బాటను పట్టిరి. ఎందరో ఆ బాట ప్రక్కననే కూలి చనిపోయిరి. దానినే మన పెద్దలు డొక్కల కరువనిరి. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మటనే ఈ నేల అన్నపూర్ణ అయ్యెను. అనగా ఈనాడు ఇతరులు కూలికి వెదకుకొనుచు వచ్చు ఈ నేలనుండి, ఒకనాడు మన పూర్వులే ఆకలితో పారిపోయిరి.

మరియొక ఐగుప్తు బర్మా దేశము. మన తాతలు రంగూనును రంగమని పిలిచిరి. ముఖ్యముగా విశాఖపట్నము, గోదావరి జిల్లాలనుండి వేలమంది ఓడలెక్కి రంగము వెళ్లి బియ్యపు మరలలోను, ఓడరేవులోను మూటలు మోసిరి. కోరంగి రేవునుండి వచ్చినవారని బర్మీయులు వారిని కోరంగీలనిరి. 1931 నాటి జనాభా లెక్కలలో బర్మాలోని తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూను పట్టణములో సగమునకు పైగా భారతీయులే యుండిరి.

1941 డిసెంబరు 23న జపానువారు ఆ పట్టణముపై బాంబులు వేయగా, ప్రజలు చేతికందినది పట్టుకొని బయలుదేరిరి. ఓడలలో చోటు కొందరికే దొరికెను. తక్కినవారు కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపునకును, కొందరు మణిపురము మీదుగా అస్సామునకును నడచిరి. నాలుగైదు లక్షలమంది ఆ విధముగా దేశమునకు చేరిరి. కలరాచేతను, చలిజ్వరముచేతను, అలసటచేతను దారిలో రాలిపోయినవారు వేలకొలది.

సోదాలో దొరకని సొత్తు

యుద్ధము తీరిన పిమ్మట అనేకులు మరల బర్మాకు పోయిరి. అయితే 1962 మార్చి 2న అక్కడ సైన్యము పరిపాలనను చేజిక్కించుకొనెను. 1963లో బ్యాంకులను, 1964 మార్చిలో అంగళ్లను ప్రభుత్వపరము చేసిరి. అదే సంవత్సరము మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించిరి. జీవితకాలమంతయు కూడబెట్టిన డబ్బు ఒక్క దినములో కాగితమైపోయెను. ఆ తరువాత సంవత్సరములలో సుమారు మూడు లక్షలమంది భారతీయులు ఆ దేశము విడిచిరి. మద్రాసులోను విశాఖపట్నములోను ఓడలు దిగిన కుటుంబములు కొద్దిపాటి సామానుతోనే దిగినవి. విశాఖపట్నము కంచరపాలెములోని బర్మా క్యాంపను పేరు ఆ దినములకు సాక్షిగా నిలిచియున్నది.

ప్రియులారా, రేవులో సుంకపు అధికారి సోదా చేయుటను ఊహించుడి. అతడు పెట్టె తెరచును, మూట విప్పును, తల్లి మెడలోని గొలుసును లెక్కించును. అయితే ఆ తల్లి వ్రేళ్లలోని కుట్టుపని నేర్పును అతడు తీసికొనగలడా? ఆ బాలుడు నేర్చుకొనిన ఎక్కములను, అక్షరములను పెట్టెలోనుండి లాగివేయగలడా? నోటు చెల్లకపోవచ్చును, పొలములోనికి ఉప్పునీరు రావచ్చును, ఇల్లు కాలిపోవచ్చును. చేతిపనియు చదువును సరిహద్దు దాటివచ్చు సొత్తు. బీదవాడు తన బిడ్డకు వ్రాసియియ్యగల ఆస్తి అదియే.

ఆనాటి ప్రభుత్వమును ఈ సంగతి కొంత గ్రహించినది. 1963 జూన్ 1 తరువాత బర్మానుండి తిరిగి వచ్చినవారికి ఉద్యోగములలో వయోపరిమితి సడలించిరి. చిన్న వ్యాపారములకు అప్పులిచ్చిరి. 1969లో వారి నిమిత్తము మద్రాసు కేంద్రముగా ఒక సహకార బ్యాంకును స్థాపించిరి. నేడు రెప్కో బ్యాంకని పిలువబడుచున్నది అదియే. ఉచిత భోజనము ఎన్నాళ్లు పెట్టగలరు? అప్పిచ్చి అంగడి పెట్టించినయెడల అతడే మరియొకరికి భోజనము పెట్టగలడు.

పని దయయగునా, శిక్షయగునా?

అయితే ఇక్కడ జాగ్రత్త కావలెను. "పని చేయనివాడు తినకూడదు" అను మాటను కొందరు కొరడావలె వాడుదురు. 1876-78 మహాకరువులో మద్రాసు రాజధానిలో జరిగినది చూడుడి. పనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని 1877లో సర్కారు దొర యొకడు నిర్ణయించెను. ఒక పౌను అనగా అరకిలోకు తక్కువ. ఎముకలగూడైన మనుష్యుడు ఆ కూటితో దినమంతయు మట్టి త్రవ్వవలెను. అది దయ కాదు. ఆకలిగొన్నవానిని పరీక్షించుట!

అదే కరువులో, కృష్ణా డెల్టా కాలువలను మద్రాసుతో కలుపు బకింగుహాము కాలువ పని సాగుచుండెను. పెదగంజాముయొద్ద మన కొమ్మమూరు కాలువను కలిసికొనునది అదియే. ఒంగోలులో పనిచేయుచున్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు యౌవనమున అమెరికాలో భూమి కొలతల పని నేర్చినవాడు. ఆయన ఆ కాలువలో మూడు మైళ్లకు పైచిలుకు భాగమును తానే గుత్తకు తీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి, ఆకలితో వచ్చిన వేలమందికి పని చూపెను. పని అదే, మట్టి అదే. అయితే అక్కడ తట్ట మోయువారిని తిట్టువారు లేరు. సాయంకాలమున వారి ప్రక్కను కూర్చుండి మాటలాడువారు ఉండిరి.

అంతకంటె గొప్ప సంగతి మరియొకటి. ఆ కరువు కాలమున సుమారు పదునైదు నెలలు ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అడిగినవారు లేకకాదు, అన్నము కొరకు విశ్వాసమును ఒప్పుకొనుట ఎవరికిని సంభవింపకూడదని. కూలి వేరు, కృప వేరు. సహాయపు పని ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మన సంఘములు తరచుగా చెప్పుకొనును. దాని వెనుకనున్న పదునైదు నెలల నిగ్రహమును అంత తరచుగా చెప్పుకొనవు. బీదవాని ఆకలిని మన లాభమునకు వాడుకొనకుండుట, అది మత లాభమైనను సరే, సహాయముయొక్క మొదటి పరీక్ష.

బోయజు ఆ పరీక్షలో నెగ్గెను. రూతు రెండవ అధ్యాయమును వరుసగా చదివి చూడుడి. మధ్యాహ్నమున ఆమెను కోతవారి ప్రక్కను కూర్చుండబెట్టి, తృప్తియగునంతగా పేలాలిచ్చెను. తరువాత ఆమె మరల పనికి లేచెను. ఆమెను అవమానపరచవద్దని పనివారికి ఆజ్ఞాపించెను. ఆమె చూడకుండ పనలలోనుండి పిడికెళ్లు లాగి పడవేయుడని చెప్పెను. మొదట భోజనము, తరువాత పని, ఆ రెంటి నడుమ మర్యాద. ఈ మూడింటిలో ఏది లోపించినను సహాయము కుంటిదగును. భోజనము మాత్రమే పెట్టి ఊరకుండినయెడల బిచ్చగానిని చేయుదుము. భోజనము లేక పని మాత్రమే చూపినయెడల బానిసను చేయుదుము. రెండును ఇచ్చి మర్యాద ఇయ్యనియెడల శత్రువును చేయుదుము.

1977 నవంబరు 19న దివిసీమను సముద్రము ముంచెత్తినప్పుడు మన డెల్టా ఈ పాఠమును కన్నీటితో నేర్చుకొనెను. సుమారు పదివేలమంది ఒక్క రాత్రిలో నశించిరి. బ్రదికినవారు తమ స్వంత ఊరిలోనే కాందిశీకులైరి. పొట్లములు అందినవి, బట్టలు అందినవి, దేవునికి స్తోత్రము. అయితే వల పోయిన బెస్తవానికి అన్నపు పొట్లము ఒక పూటకే చాలును. ఉప్పెక్కిన చేనుగల రైతుకు క్రొత్త పంచె పంట పండింపదు. వలకు వల, నావకు నావ, చేనికి మంచినీరు, బడి కూలినచోట మరల బడి కావలెను. ఇవి వచ్చువరకు తుపాను తీరినట్లు కాదు.

మన గట్టుమీద నిలుచున్నవారు

ఈ మాటలు గడచిన కాలమునుగూర్చి మాత్రమే అనుకొనవద్దు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుం లేచినప్పుడు, ఒక ప్రక్క మావోయిస్టులు, మరియొక ప్రక్క ఆయుధములు పట్టినవారు, నడుమ పల్లెవాసులు నలిగిపోయిరి. వేలమంది ఆదివాసులు గుడిసెలు విడిచి గోదావరి ప్రాంతపు అడవులకు, ఖమ్మము సీమకు పారివచ్చిరి. వారిని మనవారు గుత్తికోయలందురు. వారిలో అనేకులు మిరపకోతల కాలమున కూలికి వచ్చుదురు. తల్లి కాయలు కోయుచుండగా చంటిబిడ్డ చెట్టునీడను ఊయలలో ఉండును. ఆ ఊయల ఊపునది ఎవరు? ఏడెనిమిది యేండ్ల అక్క. ఆ అక్క ఉండవలసిన చోటు బడి!

ఆమెకు మన తెలుగు సరిగా రాదు. ఆమె తలిదండ్రులకు ఏ కచేరీలో ఎవరిని అడుగవలెనో తెలియదు. మనకు తెలియును. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరు మొదలు పదునాలుగు ఏండ్లవరకు ఏ బిడ్డనైనను వయస్సు పత్రము లేదనిగాని, టి.సి. లేదనిగాని ప్రభుత్వ బడి త్రోసివేయరాదు. వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన చదువును ప్రత్యేకముగా చెప్పవలెను. సంఘపెద్ద ఒకరు ఆ బిడ్డ చెయ్యి పట్టుకొని హెడ్మాస్టరుగారి యొద్దకు నడచిపోవుటకు చందా అక్కరలేదు, కమిటీ అక్కరలేదు. ఒక ఉదయము చాలును. మనము కోయక విడువవలసిన చేని అంచు అదియే.

"మన బిడ్డలకే లేదు, పరాయివారికి ఎక్కడనుండి తెత్తుము?" అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నను తీసివేయరాదు. అడుగువారిలో అనేకులు తామే కూలిపని చేయువారు. క్రొత్తవారు వచ్చి తక్కువ కూలికి ఒప్పుకొనిన, తమ కూలి పడిపోవునని వారి భయము. 1930 మే నెలలో రంగూను రేవులో ఇదే జరిగెను. తెలుగు కూలీలు సమ్మె కట్టగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే బర్మీయులను పంపివేసి మరల తెలుగువారిని పిలిచిరి. బీదవాడు బీదవానిమీద పడెను. వందకు పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది మనవారే. ఆ కలహమునకు మూలము పరదేశి కాడు, స్థానికుడు కాడు. ఇద్దరి ఆకలిని ఒకరికొకరు పోటీ పెట్టిన లెక్కయే మూలము.

గనుక ఈ భయమునకు జవాబు పరదేశిని తరుముట కాదు. అతనికిని మనకును ఒకే కూలి ఇయ్యవలెనని పట్టుబట్టుట. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము, కూలివాడు సహోదరుడైనను పరదేశియైనను ప్రొద్దు క్రుంకకమునుపే అతని కూలి ఇయ్యవలెనని చెప్పుచున్నది. ఇద్దరికి రెండు ధరలు అక్కడ లేవు. క్రొత్తవారు చవుకగా దొరికిరని సంతోషించు రైతులు మన సంఘములలో లేరా? ఆదివారము కానుక పెట్టెలో వేసిన నోటు ఆ పరదేశి కూలిలోనుండి మిగిల్చినదైతే, అది కానుకయా? ఎవరికి వారే పరీక్షించుకొందము.

పట్టెడ దాటించిన ఇల్లు

చివరగా ఒక కుటుంబమును చూతము. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమునుండి వెళ్లగొట్టినప్పుడు అకులయు ప్రిస్కిల్లయు కొరింథునకు వచ్చిరి. వారును కాందిశీకులే. ఇల్లు పోయెను, అంగడి పోయెను, గుడారములు కుట్టు పని మాత్రము చేతులతో వచ్చెను. ఆ పనినిబట్టియే కొరింథులో వారు నిలద్రొక్కుకొనిరి. అంతట పౌలు ఆ ఊరికి వచ్చినప్పుడు ఎవరి యింట బస చేసెను? స్థానిక ధనవంతుని యింట కాదు, ఈ వచ్చినవారి యింటనే. వారితో కలిసి అదే పని చేసెను. తరువాత వారి యిల్లే సంఘము కూడు స్థలమయ్యెను.

ఆ దినమున కొరింథువారు, "ఈ దిక్కులేనివారికి అప్పుడప్పుడు ఒక ముద్ద పెట్టుదము" అని మాత్రమే తలంచి, పనిచేసికొను చోటు వారికి ఇయ్యకపోయినయెడల, పౌలునకు ఆ పట్టెడ దొరకకపోవును. రూతునకు పొలము దొరకకపోయినయెడల ఓబేదు లేడు, దావీదు లేడు. మనము పరదేశికి ఏమి ఇచ్చుచున్నామో మనకు తెలియును. అతనిద్వారా దేవుడు ఏమి ఇయ్యనున్నాడో మనకు తెలియదు.

గనుక ఈ నెలలో మీ చేని గట్టుమీదనో, ఇటుక బట్టీయొద్దనో, కాలువ వంతెన క్రిందనో క్రొత్త ముఖము కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడి. వీరు ఈ పూట తినిరా? వీరికి మనతో సమానముగా కూలి ముట్టుచున్నదా? వీరి బిడ్డ రేపు ఉదయమున ఎక్కడికి పోవును? మూడవ ప్రశ్నకు "బడికి" అని జవాబు వచ్చు దినమున, ఆ యింటివారు ఏ దిక్కునకు పోదుమని ఇక అడుగరు.

శిశువుగా ఐగుప్తులో పరదేశియై యుండిన ప్రభువు మన కన్నులు తెరచునుగాక. ఆమేన్.